ట్రైసైకిళ్ల ఫొటో సరే, ఉద్యోగాల మాటేమిటి?

సంపాదకుల వారికి,

అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవ సభ వార్తను ఈ నెల 4వ తేదీ సంచికలో ఫొటోతో సహా చూశాను. వేదిక మీద శాలువాలతో పెద్దలు పదకొండు మంది, కింద కొత్త ట్రైసైకిళ్లలో ముగ్గురు దివ్యాంగులు. వేదికకు మెట్లే తప్ప ర్యాంపు లేదు కనుక ప్రసంగించే భాగ్యం కూడా పెద్దలకే దక్కినట్టుంది. ఈ సంగతి మరెవరైనా రాస్తారేమోనని వారం రోజులు ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

ప్రైవేటు యాజమాన్యాలు ‘పెద్ద మనసుతో’ దివ్యాంగులకు ఉద్యోగాలివ్వాలని వక్తలంతా పిలుపునిచ్చారట. పెద్ద మనసు సంగతి అటుంచి, వారు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఒక్కసారి తిరగేసి ఉంటే బాగుండేది. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ గురించి అందరికీ తెలుసు. ప్రైవేటు సంస్థల సిబ్బందిలో కనీసం 5 శాతం మంది దివ్యాంగులు ఉండేలా యాజమాన్యాలకు ప్రోత్సాహకాలు ఇవ్వవలసినది ప్రభుత్వాలూ స్థానిక సంస్థలేనని అదే చట్టంలోని 35వ సెక్షన్ చెబుతోంది. ‘ఆర్థిక స్తోమత మేరకు’ అనే మాట కూడా అందులో ఉంది లెండి. మన అధికారులు ఆ ఒక్క ముక్కనే కంఠస్థం చేసినట్టున్నారు.

మా తమ్ముడి కొడుకు పుట్టుకతోనే వినికిడి లేనివాడు. బీకాం పాసై, పద్దుల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకున్నాడు, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఉంది. ఒక టోకు వ్యాపార సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తూ, తనకు వినపడదని, దయచేసి వాట్సాప్‌లో సందేశం పంపాలని మొదటి వరుసలోనే రాశాడు. వారు మూడుసార్లు ఫోన్ చేసి, ఎత్తడం లేదని పేరు కొట్టేశారు. మా తమ్ముడు వెళ్లి అడిగితే, ‘ఆసక్తి లేదేమో అనుకున్నామండీ’ అన్నారట అక్కడి మేనేజరు. ఆయన చెడ్డవాడేమీ కాదు, కూర్చోబెట్టి కాఫీ కూడా ఇప్పించారు. బిల్లులు సరిచూసి పద్దులు రాసే పనికి ఫోనెందుకన్న ఆలోచన ఆయనకు రాలేదు, వచ్చేలా చెప్పిన అధికారీ లేడు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించి, దాని ప్రతిని దివ్యాంగుల కమిషనర్ వద్ద నమోదు చేయించాలన్న 21వ సెక్షన్ గురించి అడిగితే, అలాంటిదొకటి ఉందా అని ఆయనే ఎదురు ప్రశ్నించారట.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకెక్కవలసి వచ్చినా, తర్వాత హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి ఎందరో దివ్యాంగులకు పని కల్పించారు. ఆయన గురించి గొప్పగా చెప్పుకునే మన వ్యాపారులు, తమ దుకాణంలో ఒక గుమాస్తా ఖాళీ పడితే మాత్రం ‘మా పనికి కుదరదండీ’ అంటారు. వికలాంగులన్న మాటను దివ్యాంగులని మార్చినంత సులువుగా మన కార్యాలయాల మెట్లు మారలేదు. ఉపాధి కార్యాలయమే మేడ మీద ఉంటే ఇక ప్రైవేటు వారిని అనేదేముంది!

వచ్చే డిసెంబరు 3న మీ విలేకరిని సభకు పంపినప్పుడు, మన జిల్లాలో ఎన్ని సంస్థలు ఆ సమాన అవకాశాల విధానాన్ని నమోదు చేయించాయో, ప్రోత్సాహకం ఎందరు యజమానులకు అందిందో అధికారులను అడిగించి, ఆ రెండు అంకెలనూ ఫొటో కిందనే ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు