మూడో పేరా తీసేయండి మంత్రి గారూ

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమలో ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని. ఏటా జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు నా ముందే ఉండేది. పిల్లవాడి పేరు బైబిల్లోది. 'మతం' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి తల్లి గొంతు తగ్గించి, "హిందూ అని రాసేయండి మాస్టారూ" అనేది. రాసేవాణ్ని. నేను అంతర్వేది తీర్థానికి ఏటా వెళ్లే మనిషిని. హిందూ అన్న మాట మీద నాకు గౌరవమే. కానీ బడిలో అడుగుపెట్టిన రోజే ఆ పిల్లవాడి గురించి ఒక అబద్ధం నా చేత్తో రాశానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ తల్లి అలా ఎందుకు అడిగేదో మీకు తెలియనిది కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవారిని ఎస్సీగా పరిగణించరాదని అది చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కూడా ఎస్సీ హోదా పరిధిలోకి చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికి బీసీ-సీ కింద ఒక్క శాతం కోటా ఇచ్చారు. ఎస్సీ సీటులో పోటీ చేసే హక్కు మాత్రం దాంతో రాదు.

ఉద్యోగాలు, చదువుల సంగతి చాలామంది మాట్లాడారు. నేను పదవి గురించి రాస్తున్నాను.

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఒక ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వైంది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి నామినేషన్ వేసింది. డ్వాక్రా గ్రూపు లెక్కలు పైసా తేడా రాకుండా రాసే మనిషి. కొబ్బరి ఒలుపు పనికి వెళ్లే ఆడవాళ్లకు కూలి బాకీ పడితే వెళ్లి అడిగేది తనే. వర్షాకాలం దళితులుండే పేటలోకి మురుగు వెనక్కి తన్నితే ఏ కాలువ పూడిక తీయాలో ఆమెకు తెలుసు. కానీ స్క్రూటినీ రోజున ఆమె టెన్షన్ అంతా ఒక్క దాని గురించే. క్రిస్మస్‌కి మందిరంలో పాట పాడుతున్న తన ఫొటో ఎవరో ఫోన్లలో తిప్పుతున్నారు. నామినేషన్ నిలబడింది. పోలింగ్ అయ్యేదాకా ఆమె ఆదివారం ఆరాధనకు వెళ్లలేదు. రావద్దని పాస్టరు గారే చెప్పారట. ఆమె ఓడిపోయింది. గెలుపోటములు మామూలే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ కొన్ని వారాలూ ఆమె ప్రార్థన కూడా తలుపులు వేసుకుని చేసుకుంది. అది మాత్రం నేను మరిచిపోలేను.

ఊరి పేరు, ఆమె పేరు నేను రాయడం లేదు. రాస్తే రేపు ఆమె క్యాస్ట్ సర్టిఫికెట్‌కే ఎసరు వస్తుంది. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు తన ముందున్న చట్టాన్ని బట్టి చెప్పింది. మా పేటల్లో మనుషుల్ని దాపరికంలోకి నెట్టింది కూడా ఆ చట్టమే కదా మంత్రి గారూ.

అమలాపురం పార్లమెంటు సీటు ఎస్సీ రిజర్వ్‌డ్. దాని పరిధిలోని అమలాపురం, రాజోలు, పి. గన్నవరం అసెంబ్లీ సీట్లూ అంతే. వీటిలో పోటీకి దిగే మనిషిని కులం ఒక్కటే కాదు, ఏ దేవుడికి మొక్కుతావని కూడా అడుగుతున్నాం. జనరల్ సీటులో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. గెలిచినవాళ్లు దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, నమ్మకం లేనివాళ్లు దేవుడి పేరు ఎత్తకుండానే చేయొచ్చు. గోదావరికి ఎగువన రంపచోడవరం ఎస్టీ సీటు. అక్కడ గిరిజనుడు చర్చికి వెళ్లినా అర్హతకు ఏమీ కాదు. మా దగ్గర ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి దళితుడు రేపు బౌద్ధం తీసుకుంటే ఎస్సీగానే ఉంటాడు. మందిరంలో బాప్తిస్మం తీసుకుంటే ఉండడు. పేట అదే, ఇల్లు అదే, ఊళ్లో అతన్ని పిలిచే పిలుపూ అదే.

మతం మారితే అంటరానితనం పోతుంది కదా అని కొందరంటారు. 1830ల్లోనే నరసాపురానికి మిషనరీలు వచ్చారు. దాదాపు రెండు వందల ఏళ్లు. ఇంకా పేట పేటగానే ఉంది. ఒకే ఇంట్లో తల్లి మందిరానికి వెళ్తుంది, కొడుకు అయ్యప్ప మాల వేస్తాడు. ఊరు ఆ ఇద్దరినీ ఒకే చూపు చూస్తుంది.

హిందూ దళితుల వాటా తగ్గుతుందన్న భయం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉద్యోగాల కోటా పెంచకుండా మందిని పెంచితే అది అన్యాయమే, దానికి మీరు దారి చూడాలి. చట్టసభల సంగతి వేరు. రాజ్యాంగంలోని 330, 332 అధికరణాల ప్రకారం ఎస్సీ సీట్లు జనాభా నిష్పత్తిని బట్టి ఉంటాయి. లెక్కలో మనుషులు పెరిగితే సీట్లూ పెరగాలి.

దీన్ని పరిశీలించమని మీరు కొత్తగా ఎవరికీ చెప్పక్కర్లేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని 2007లోనే చెప్పింది. సుప్రీంకోర్టులో పిటిషన్లు పడింది 2004లో. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. 341వ అధికరణం ప్రకారం ఆ ఉత్తర్వును మార్చే అధికారం పార్లమెంటుది. 1956లో, 1990లో మార్చింది కూడా పార్లమెంటే. మూడో పేరాను తీసేసే బిల్లు మీ శాఖ తేవాలి. బాలకృష్ణన్ కమిషన్ రిపోర్టును జనం ముందు పెట్టాలి. ఈలోగా, నిజం చెప్పినందుకు ఎవరి సర్టిఫికెట్టూ రద్దు కాకుండా ఏం చేయగలరో చూడాలి.

ఆమె మళ్లీ పోటీ చేస్తానంటోంది. మీ శాఖ నుంచి జవాబు వస్తే ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఆమె చేతికిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా