పాయింట్ 22 అంటే ఒకటే తుపాకి కాదు

సంపాదకులకు,

జింకల వేటకు సన్న బోరు (గొట్టం లోపలి వెడల్పు) రైఫిల్ సరిపోతుందా అన్న చర్చలో ఇరుపక్షాల వాళ్లూ ‘పాయింట్ 22’ (0.22 అంగుళాల బోరు) అన్న మాటే పట్టుకుని వాదిస్తున్నారు. చిక్కంతా ఆ మాటతోనే.

22 ఎల్‌ఆర్ తూటా, 223 రెమింగ్టన్ తూటా పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి గుండూ 5.7 మిల్లీమీటర్ల లావే. తేడా వెనకున్న మందుది. మొదటిది 40 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు) గుండును సెకనుకు 380 మీటర్ల వేగంతో తోస్తుంది, శక్తి సుమారు 190 జౌళ్లు. రెండోది 55 గ్రెయిన్ల గుండును దాదాపు 990 మీటర్ల వేగంతో పంపుతుంది, 1,740 జౌళ్లు. మొదటిది కుందేళ్లకు చాలు. దాంతో జింకను కొట్టడం వేట కాదు, గాయపరిచి వదిలేయడం.

ఇక 223 సంగతి. ఇంగ్లండ్, వేల్స్ చట్టం జింకలకు కనీసం 0.240 అంగుళాల బోరు, 2,305 జౌళ్ల శక్తి ఉండాలంటుంది. మంట్‌జాక్, చైనా నీటిజింక అనే రెండు చిన్న జాతులకు మాత్రం 0.220 బోరు, 50 గ్రెయిన్ల గుండు, 1,356 జౌళ్లు చాలంటుంది. అంటే 223 ఈ చిన్న జాతులకే సరిపోతుంది. నా దృష్టిలో ఇది సరైన గీత.

అయితే బోరు కన్నా గుండు రకమే ఎక్కువ పని చెడగొడుతుంది. చవగ్గా దొరికే 223 తూటాల్లో చాలావాటి గుండ్లు నక్కల్లాంటి చిన్న జంతువుల కోసం పల్చటి రాగి తొడుగుతో చేసినవి. జబ్బ ఎముకకు తగలగానే అక్కడే ముక్కలైపోతాయి. పైన దోసెడు గుంత పడుతుంది, ఊపిరితిత్తులకు ఏమీ కాదు. జింక పరుగు తీస్తుంది. కావలసింది లోపలి సీసం రాగి తొడుగుకు గట్టిగా అతుక్కుని ఉండే గుండు, లేదా పూర్తి రాగి గుండు, 55 నుంచి 64 గ్రెయిన్లది. కొనేముందు బారెల్ మెలిక, అంటే గుండును తిప్పేందుకు గొట్టం లోపల ఉండే గాళ్ల వంపు, చూసుకోవాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బారెల్‌లో పొడవాటి గుండు నిలకడగా తిరగదు. గురి చూసే అట్ట మీద గుండ్రటి చిల్లుకు బదులు తాళంకప్ప చిల్లులా పడితే గుండు అడ్డం తిరిగి వెళ్తోందన్నమాట. 9 లేదా 8 అంగుళాల మెలికైతే ఈ బెడద ఉండదు.

‘తగలాల్సిన చోట తగిలితే ఏదైనా పడేస్తుంది’ అనేవాళ్లు తలకు గురిపెడతారు. గురి నాలుగు వేళ్లు తప్పితే కింది దవడ విరుగుతుంది. జింక మేత మేయలేక రోజుల తరబడి మాడి చస్తుంది. జింక పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడే, ముందుకాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర కొట్టాలి. 223తో 150 మీటర్లు దాటి కొట్టకపోవడం మంచిది.

సన్న గుండు చాలాసార్లు అవతలి వైపు బయటికి రాదు. వచ్చినా ఆ చిల్లు చిన్నది, వెంట్రుకలు కప్పేస్తాయి. నెత్తురు జాడ పల్చగా ఉంటుంది. కాబట్టి కొట్టిన చోటును ఒక చెట్టునో రాయినో ఆనవాలు పెట్టుకుని, అరగంట ఆగి వెళ్లాలి. నురగతో లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తుల దెబ్బ, జింక దగ్గర్లోనే ఉంటుంది. పచ్చటి మరక, పేడ వాసన ఉంటే పొట్టకు తగిలింది. అప్పుడు తరమకుండా కనీసం నాలుగైదు గంటలు ఆగాలి.

తన్నుకు (పేల్చినప్పుడు తుపాకి భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బకు) భయపడి 223 పట్టేవాళ్లకు 243 వించెస్టర్ తూటా ఉంది. 100 గ్రెయిన్ల గుండు, 2,600 జౌళ్లకు పైమాటే, తన్ను మాత్రం కొత్తవాళ్లు కూడా ఓర్చుకోగలిగినంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు