టీఎంఎస్ పని నేర్పిన సీనియర్లకు కృతజ్ఞతలు

మా సైకియాట్రీ విభాగంలో టీఎంఎస్ మిషన్ (తల మీద కాయిల్ ఆనించి అయస్కాంత పల్స్‌లతో మెదడును ప్రేరేపించేది) పెట్టాక మొదటి రెండు వారాలు రోజూ వచ్చి, పక్కనే నిలబడి పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్లకు, డాక్టర్ మేడమ్‌కు మా టీమ్ అందరి తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. మీరు నేర్పినవి మాత్రం రాస్తున్నాం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తాయి.

ముందుగా తల కొలిచే టేపు సంగతి. కుంగుబాటుకు పల్స్‌లు ఇవ్వాల్సింది మెదడు ముందుభాగంలో ఎడమవైపు. మెదడులో చేతి బొటనవేలిని కదిలించే చోటు నుంచి కాయిల్‌ను 5 సెంటీమీటర్లు ముందుకు జరపడం పాత పద్ధతి. తల పెద్దదైతే ఆ లెక్కన కాయిల్ వెనకే ఉండిపోతుంది. మీరు అది మాన్పించారు. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, తల చుట్టూ, ఇలా మూడు కొలతలు తీసి, కాయిల్ పెట్టాల్సిన ఎఫ్3 అనే బిందువు పట్టుకోవడం నేర్పారు. ప్రతి కొలతా రెండుసార్లు. జుట్టుకు నూనె ఉంటే ఆ గుర్తు పెట్టే టోపీ జారి గుర్తు పక్కకు పోతుందని, తలస్నానం చేసి రమ్మని చెప్పించిందీ మీరే. పిన్నులు, కమ్మలు, మాటీలు తీసిపెట్టే ప్లాస్టిక్ డబ్బా ఇప్పుడు కుర్చీ పక్కనే ఉంటోంది.

మోటార్ థ్రెషోల్డ్ అంటే 10 పల్స్‌లకు 5 సార్లు కుడి బొటనవేలు కదిలేంత తీవ్రత. పేషెంట్ చేయి బిగబట్టి ఉంటే అది తక్కువగా వస్తుంది, దాంతో డోసూ తగ్గిపోతుంది. అందుకే ఒళ్లో దిండు పెట్టి, చేయి వదులుగా వాల్చమని చెప్పాలి. చికిత్స ఆ తీవ్రతకు 120 శాతం: సెకనుకు 10 చొప్పున 4 సెకన్లు, 26 సెకన్ల విరామం, మొత్తం 3000 పల్స్‌లు, ముప్పై ఏడున్నర నిమిషాలు. మొదటిరోజే 120కి వెళితే తల మీద పొడిచినట్టుంటుందని, కొద్దికొద్దిగా పెంచమన్నారు. ఆ ఓపిక వల్లే పేషెంట్లు మధ్యలో మానేయకుండా ఉంటారు.

ఫిట్స్ చాలా అరుదు. అయినా రాత్రి నిద్ర లేకపోయినా, మద్యం ఒక్కసారిగా మానేసినా, మందులు మారినా ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే రోజూ అడగాలి, మందు మారితే థ్రెషోల్డ్ మళ్లీ కొలవాలి. తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయేమో మొదటే తెలుసుకోవాలి.

ప్రమాదమో హింసో చూసి బెదిరిపోయినవాళ్లతో మీరు మెలిగిన తీరుకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. ఆ టకటక శబ్దానికే వాళ్లు ఉలిక్కిపడతారు. ముందు కాయిల్ గాలిలో పట్టుకుని రెండు పల్స్‌లు వినిపించారు, తర్వాత ముంజేతి మీద చూపించారు, చేయి ఎత్తితే వెంటనే ఆపేస్తామని చెప్పారు. ఇయర్‌ప్లగ్‌లు పేషెంటుకే కాదు, మాకూ పెట్టించారు. ఇలాంటివాళ్లకు వచ్చే పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత వదలని భయం, ఆందోళనల జబ్బు) కుడివైపు సెకనుకు ఒక పల్స్ ఇవ్వడమూ చూపించారు. దానికి ఆధారాలు కుంగుబాటుకు ఉన్నంత గట్టిగా లేవని, కౌన్సెలింగ్ ఆపొద్దని కుటుంబాలకు దాపరికం లేకుండా చెప్పారు.

నెలాఖరున కాయిల్ తనిఖీకి వస్తామన్నారు. అప్పటికి అందరి కొలతల పుస్తకం సిద్ధంగా ఉంచుతాం, తప్పులుంటే దిద్దండి.