కోనసీమ గ్యాస్‌లో మా అద్దకం పొయ్యిలకూ వాటా ఇవ్వండి: కేంద్ర పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది బరంపురం. ఒడిశాలోనే ఉన్నా మా ఇంట్లో, మా వీధిలో తెలుగే మాట్లాడుకుంటాం, తరాలుగా పట్టు నేత, అద్దకం మీదే బతుకుతున్నాం. ఈ ఉత్తరం కోనసీమ గ్యాస్ గురించి. అక్కడి గ్యాస్‌తో బరంపురం వాళ్ళకేం పని అంటారేమో. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో దిగుతాం, మాకు దగ్గర్లో నేల మీద ఉన్న గ్యాస్ బావులంటే అవే.

ముందు మా పొయ్యి సంగతి వినండి. ముడి పట్టుకి జిగురుంటుంది, సబ్బునీళ్ళలో ఉడకబెడితేగానీ అది వదలదు, వదిలితేగానీ మెరుపు రాదు. ఆ తర్వాత రంగు బానలో చిలపలు, అంటే పట్టుదారం చుట్టలు, తిప్పుతూనే ఉండాలి, వేడి మొదట్నించీ చివరిదాకా ఒకేలా ఉండాలి. మధ్యలో సిలిండర్ అయిపోయి, ఇంకోటి తగిలించేలోగా బాన చల్లారిందంటే ఒక చిలప ముదురుగా, ఇంకోటి లేతగా వస్తుంది. ఆ రెండూ ఒకే చీరలో పడితే చారలు తేలతాయి, షావుకారు చీర వెనక్కి పంపేస్తాడు, నష్టం మాదే. పైగా 19 కిలోల సిలిండర్ ధర ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది కాబట్టి నెలాఖరు వచ్చిందంటే ఇంట్లో టెన్షన్, మాట్లాడుకున్న కూలి మాత్రం మారదు.

తాటిపాక, పాశర్లపూడి, మోరి, నర్సాపురం చుట్టూ దశాబ్దాలుగా గ్యాస్ తీస్తున్నారు. దాంతో కరెంటు తీశారు, ఎరువులు చేశారు. అవి పాతబడ్డ క్షేత్రాలు, సముద్రంలో బావులంత ఇవ్వలేవు, నిజమే. కానీ దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో దిగుతున్నప్పుడు, వంటకు వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే అయినప్పుడు, మన నేలలోంచి వచ్చే ప్రతి ఘనపు మీటరూ ఎవరికి ముందు ఇవ్వాలో ఆలోచించి పంచాలి కదా!

మీ శాఖ ఆ పని సగం చేసింది. పాత క్షేత్రాల గ్యాస్‌ని ముందు ఇళ్ళ వంటకి, సీఎన్జీకి ఇవ్వాలని నియమం పెట్టారు. 2023 ఏప్రిల్ నుంచి దాని ధరను ముడిచమురు ధరలో 10 శాతంగా లెక్కకట్టి, పైన ఒక పరిమితి కూడా పెట్టారు. మంచి పని. అయితే ఇంటి వెనక రెండు పొయ్యిలు పెట్టుకుని రంగు వేసే మనిషి ఈ లెక్కలోకి రాడు, అతన్నీ పెద్ద స్టార్ హోటల్‌నీ ఒకే గాటన కట్టి కమర్షియల్ అంటున్నారు. ఇంట్లోనే పని చేసుకునే నేత, అద్దకం కుటుంబాలకి నెలకి ఇంత అని పరిమితి పెట్టి, ఆ మేరకు ఇళ్ళకిచ్చే ధరకే ఇవ్వండి. నేనడిగేది ఇదే.

శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్ దాకా గ్యాస్ పైప్‌లైన్‌ని మా గంజాం జిల్లా మీదుగానే తలపెట్టారు. 2030కల్లా దేశ ఇంధనంలో గ్యాస్ వాటా 15 శాతానికి తెస్తామంటున్నారు, ఇప్పుడది 6 శాతం దగ్గరే ఉంది. పెద్ద ఫ్యాక్టరీలకి కనెక్షన్ ఇచ్చి ఊరుకోకుండా, నేతగాళ్ళ వీధుల్లోకి పైపు ఎప్పుడొస్తుందో తేదీ వేసి చెప్పండి.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ వెళ్ళాల్సిన గొట్టంలో నీళ్ళు, ద్రవాలు కలిసిన గ్యాస్ పంపడంతో అది లోపల తుప్పు పట్టింది. మా వీధిలోకి గ్యాస్ రావాలి, కానీ అలా రాకూడదు. గొట్టం లోపల ఎప్పుడు పరీక్ష చేశారో, ఏం తేలిందో ఏటా ఊళ్ళో బోర్డు పెట్టి చూపించండి.

జాగ్రత్తలు కూడా ఒడియాతో పాటు తెలుగులో రాయించండి. సిలిండర్ గ్యాస్ లీకైతే బరువుగా నేలబారున పేరుకుంటుంది, పైపు గ్యాస్ తేలిక కాబట్టి పైకి పోతుంది, అంటే ఇకమీదట గదికి పైన కిటికీ ఉండాలి. మా అద్దకం గదులు చాలావాటికి అది లేదు. కనెక్షన్ ఇచ్చే ముందు మనిషిని పంపి ఈ గదులు చూపించండి, కిటికీ పెట్టించుకోవడానికి మేం సిద్ధం.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక అద్దకం పనివాడు