మూడు వారాలు, మూడు టికెట్లు, ఒక్క జవాబూ లేదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: స్క్రబ్బర్ డిజైన్ స్ప్రెడ్‌షీట్‌లో తప్పు చూపించినా పట్టించుకోకపోవడం

అయ్యా,

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నాది. యాసిడ్ పొగలు కడిగే స్క్రబ్బర్లు తయారుచేస్తాం. ఆరేళ్లుగా మీ స్ప్రెడ్‌షీట్‌తోనే లెక్కలు వేస్తున్నాను. ఏ ఏడాదీ లైసెన్సు డబ్బు ఒక్కరోజు ఆలస్యం చేయలేదు.

తప్పేంటో క్లుప్తంగా చెప్తాను. గ్యాస్ ఉష్ణోగ్రత మార్చినా కొత్త వెర్షన్‌లో టవర్ వ్యాసం మారడం లేదు. గంటకు 5,000 నార్మల్ ఘనపు మీటర్ల (అంటే సున్నా డిగ్రీల దగ్గర లెక్కగట్టిన) గ్యాస్ 80 డిగ్రీల దగ్గర వ్యాకోచించి దాదాపు 6,465 ఘనపు మీటర్లు అవుతుంది. సెకనుకు 1.5 మీటర్ల వేగానికి 1.23 మీటర్ల వ్యాసమున్న టవర్ కావాలి. మీ షీటు 1.09 చూపిస్తోంది. సరిచేద్దామంటే ఆ గడికి లాక్ వేశారు.

ఫార్ములాలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తీరే మింగుడు పడటం లేదు. మొదటి రోజు ఫోన్ ఎత్తినాయన కంప్యూటర్ ఆపి ఆన్ చేయమన్నాడు. చేశాను. రెండో రోజు ఇంకొకాయన స్క్రీన్‌షాట్ అడిగాడు. చేత్తో వేసిన లెక్క కాగితం కూడా ఫోటో తీసి పంపాను. నాలుగో రోజు, 'మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం' అని మెసేజ్! ఎవరు పరిష్కరించారండీ? మళ్లీ ఫోన్ చేస్తే మొదటి నుంచీ చెప్పమన్నారు, 48 గంటలు ఆగమన్నారు. వారం ఆగాను. మూడో టికెట్‌కి పలికినావిడ నార్మల్ ఘనపు మీటరంటే ఏంటని నన్నే అడిగారు. పావుగంట వివరించాను. అంతా విని, 'ఇది మా డిపార్ట్‌మెంట్ కాదండీ' అంటూ సేల్స్‌కి కలిపారు. సేల్స్ ఆయన రెన్యువల్ ఎప్పుడు చేస్తారని అడిగాడు.

నేనలా ఫోన్ పట్టుకుని నిలబడితే, మా మేస్త్రి టవర్‌గా చుట్టాల్సిన పీపీ ప్లాస్టిక్ షీటు మీద, మీ 1.09 వ్యాసానికి వచ్చే చుట్టుకొలత 3.42 మీటర్ల దగ్గర సుద్ద గీత గీసి, కటింగ్ మిషను చేత్తో పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. 'కోసెయ్యమంటారా సార్, ఆగమంటారా?' అన్నాడు. ఆ గీత తడిగుడ్డతో తుడిపించి 3.86 దగ్గర గీయించాను. పాత గీత మీదే కోసి ఉంటే? ఇరుకు టవర్లో గ్యాస్ వేగం పెరిగి ప్యాకింగ్‌లోంచి (గ్యాస్, నీళ్లు బాగా కలవడానికి టవర్లో నింపే ముక్కల్లోంచి) నీళ్లు దిగవు, పొగ సరిగా కడగదు. ఆ గాలి పీల్చేది అక్కడ పనిచేసే కుర్రాళ్లు. ఈలోగా కొండపల్లి పార్టీకి ఒప్పుకున్న తేదీ కూడా దాటిపోయింది, వాళ్ల చేత మాటలు పడ్డాను.

గుంటూరులో ఇద్దరి చేత మీ షీటు కొనిపించింది నేనే. ఆ గడి నమ్మొద్దని వాళ్లకి నేనే ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అది మీరు చేయాల్సిన పని.

లెక్క తెలిసిన మనిషి ఒక్కరు నాతో మాట్లాడాలి. ఈ వెర్షన్ కొన్న ప్రతి ఒక్కరికీ తప్పు సంగతి చెప్పాలి, సరిచేసిన ఫైలు పంపాలి. ఈ నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మెసేజ్‌లన్నీ ప్రింటు తీసి పెట్టాను.

దయచేసి దీనికి జవాబుగా ఇంకో టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్,
ఆటోనగర్, విజయవాడ