కెర్నల్ ప్యానిక్ నుంచి బయటపడేసిన అన్నయ్యకు కృతజ్ఞతలు

కెర్నల్ ప్యానిక్ అంటే లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ ముందుకు వెళ్లలేక ఆగిపోవడం. అలా ఆగిపోయిన నా రికార్డింగ్ సిస్టమ్ మళ్లీ లేచింది. అందులో ఉన్న జముకుల కథల (జముకు వాయిస్తూ పాడే జానపద కథలు) ఆడియో అంతా భద్రంగా ఉంది. సలహా ఇచ్చిన అందరికీ, ముఖ్యంగా బాగా పొద్దుపోయేదాకా ఫోన్ పెట్టేయకుండా నాతో ఉన్న అన్నయ్యకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

నాలుగైదు మైకులు ఒకేసారి పెడితే రికార్డింగ్‌లో మధ్యమధ్య టప్ టప్‌మని శబ్దం వచ్చేది. లినక్స్ కెర్నల్ 6.12 నుంచి రియల్‌టైమ్ సపోర్ట్ (పనులు ఆలస్యం లేకుండా సమయానికి జరిగేలా చూసేది) మెయిన్‌లైన్‌లోనే, అంటే అధికారిక కెర్నల్‌లోనే ఉంది, విడిగా ప్యాచ్ వేయక్కర్లేదు. అందుకని నేను వాడే లినక్స్, డెబియన్ 12తో వచ్చిన 6.1 కెర్నల్‌ని అలాగే ఉంచి, పక్కన 6.12ని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసి పెట్టాను. రీబూట్ చేయగానే నల్ల స్క్రీన్ మీద 'అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)' అని, అంటే సిస్టమ్ ఉన్న ప్రధాన పార్టిషన్‌ని తెరవలేకపోయానని పడి ఆగిపోయింది.

డిస్క్ పోయిందన్నారు కొందరు, ఫార్మాట్ కొట్టెయ్యమన్నారు కొందరు. ఆ పాటలు పాడినవాళ్లలో ఇప్పుడు లేనివాళ్లు కూడా ఉన్నారు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అన్నయ్య స్క్రీన్ ఫోటో పంపమన్నారు. చివరి రెండు సున్నాలు చూసి, "ఇది డిస్క్ పోయిందని కాదు తమ్ముడూ, కెర్నల్‌కి డిస్క్ కనబడలేదని. ముందు పాత కెర్నల్‌తో లేపు" అన్నారు. ఆన్ చేస్తూ ఎస్కేప్ నొక్కి, గ్రబ్ (ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే ప్రోగ్రామ్) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి 6.1 ఎంచుకున్నాను. లేచింది!

అక్కడితో ఆపేసినా నేను సంతోషించేవాణ్ణే. ఆయన ఆపలేదు, కారణం దొరికేదాకా వెతికించారు. కెర్నల్ ఫైళ్లు ఉండే బూట్ పార్టిషన్ నిండిపోయి ఉంది. డెబియన్ కాన్ఫిగ్‌తో సొంతంగా కంపైల్ చేస్తే మాడ్యూళ్లలో (డ్రైవర్ల లాంటి విడి భాగాల్లో) డీబగ్ సమాచారం ఉండిపోయి ఇనిట్ఆర్‌డీ (డిస్క్ తెరుచుకునేలోపు కెర్నల్‌కి కావాల్సిన డ్రైవర్లు ఉండే ఫైలు) వందల ఎంబీలకు పెరుగుతుందట. చోటు చాలక అసలు తయారే కాలేదు, గ్రబ్ ఎంట్రీలో ఇనిట్ఆర్‌డీ లైనే లేదు. నా డిస్క్ నడవడానికి కావాల్సిన ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉండాల్సింది అందులోనే. "తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టయింది" అన్నారు. డిస్క్ తెరవాల్సిన డ్రైవర్ ఆ డిస్క్‌లోనే ఉండిపోయింది మరి.

ఆ డీబగ్ సమాచారం తీసేసే 'ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1' పెట్టి మాడ్యూళ్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేయించారు. ఇనిట్ఆర్‌డీ కొత్తగా కట్టి, గ్రబ్ అప్‌డేట్ చేశాక 6.12 శుభ్రంగా వచ్చింది. ఆ టప్ టప్ కూడా పోయింది.

అన్నయ్యా, ప్రతి కమాండ్‌కీ ముందు అది ఏం చేస్తుందో చెప్పి, ఆ తర్వాతే ఎంటర్ కొట్టమన్నారు. ఆ ఓపికకు చాలా చాలా థాంక్స్. ఇదే మెసేజ్ దగ్గర ఆగిపోయినవాళ్లెవరైనా ఉంటే ఫార్మాట్ చేసే ముందు నన్నొకసారి అడగండి, ఆయన చెప్పినదంతా వరసగా రాసి పెట్టుకున్నాను.