రాయని పరీక్షకు సున్నా ఎందుకు?

సంపాదకుడు గారికి,

పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లూ, జ్వరమొచ్చి అసలు పరీక్షకే వెళ్లలేకపోయినవాళ్లూ ఒకటేనా? ఇక్కడ బెంగళూరులో మా అమ్మాయి చదివే డిగ్రీ కాలేజీ లెక్కలో మాత్రం ఒకటే. ఇంటర్నల్ టెస్టులు మూడు పెట్టి సగటు తీస్తారు. డెంగీ రావడంతో మూడోది రాయలేకపోయింది. మొదటి రెండింట్లో 25కి 20, 22 వచ్చాయి, అంటే సగటు 21 ఉండాలి, కానీ రాయని టెస్టుకు సున్నా వేసి మూడుతో భాగించేసరికి 14కి పడిపోయింది. వెళ్లి అడిగితే క్లర్కు గారు కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించారు. ఆ గడిలో అంకె తప్ప ఇంకేదీ పట్టదు, ఖాళీగా వదిలేస్తే పేజీ సేవ్ అవదు. ఆయనదీ చిత్తూరు వైపే, "నేనేం చేసేది సార్, ఏదో ఒకటి కొట్టాల కదా" అన్నారు. ఆయన్ని అనడానికేమీ లేదు. మేమిచ్చిన మెడికల్ సర్టిఫికెట్ ఏ ఫైల్లో ఉందో మరి.

పెద్ద పరీక్షల్లో ఈ గందరగోళం లేదే! ఇంజినీరింగ్ కాలేజీల యూనివర్సిటీ వీటీయూ ఫలితాల్లో ఫెయిలైతే 'ఎఫ్', రాకపోతే 'ఎ', అర్హత లేకపోతే 'ఎన్ఈ' అని వేరువేరుగా చూపిస్తారు. హాల్లోనే ఇన్విజిలేటర్లు రానివాళ్ల నంబరు దగ్గర ఆబ్సెంట్ అని రాసేస్తారు, వచ్చినవాళ్లు సంతకం పెడతారు, కాబట్టి రేపు పొరపాటున తారుమారైనా చూపించడానికి ఒక కాగితమంటూ ఉంటుంది. కర్ణాటకలో 2024 నుంచి పదో తరగతికీ, రెండో పీయూసీకీ (అంటే ఇంటర్ రెండో ఏడాదికి) ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు, ఎందులో ఎక్కువొస్తే ఆ మార్కులే ఉంచుకోవచ్చు. బోర్డు అంత వెసులుబాటు ఇస్తుంటే కాలేజీ టెస్టుకి ఇంత మొండితనమా?

సాకులు చెప్పి ఎగ్గొట్టేవాళ్లుంటారంటారు. ఉంటారు, మా రోజుల్లోనూ ఉండేవాళ్లు. అలాంటివాళ్ల సర్టిఫికెట్ గట్టిగా పరిశీలించండి, మళ్లీ టెస్టు పెట్టండి, ప్రశ్నలు కాస్త కష్టంగానే ఇవ్వండి, అంతేగానీ ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్న పిల్లకు కూడా సున్నా వేసేస్తే ఎలా?

ఆ గడిలో ఆబ్సెంట్ అనడానికి 'ఏబీ' అని కొట్టే వీలు, పక్కన కారణం రాయడానికి కాస్త చోటు, ఇంతే కావాల్సింది. వీధికో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న ఊళ్లో ఇది ఎంత పని? ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాక మార్చడం కష్టమంటున్నారు కాబట్టి, పంపే ముందే ఒకసారి పిల్లలకు చూపించి సంతకం తీసుకోమని యూనివర్సిటీలు కాలేజీలకు రాతపూర్వకంగా చెప్పాలి, అదీ ఈ సెమిస్టర్ నుంచే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
కె.ఆర్.పురం, బెంగళూరు